పీఈటీ తన పనిని దేనితో కొలుచుకుంటారు?

హైదరాబాద్ బడుల్లో ఏ పీఈటీనైనా, అంటే వ్యాయామ ఉపాధ్యాయుణ్ణైనా, "పాఠం ఎలా సాగుతోంది సార్" అని అడిగితే, జవాబు చాలాసార్లు జోనల్ మీట్ పతకాలతోనో, ఆగస్టు 15 పరేడ్‌తోనో మొదలవుతుంది. ఈ కొలతలు ఆయన కనిపెట్టినవి కావు, వారసత్వంగా వచ్చినవి.

1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ కళాశాల పెట్టేనాటికి బడిలో వ్యాయామమంటే పటాలం డ్రిల్లే. స్వాతంత్ర్యం తర్వాతా 1954 నాటి జాతీయ క్రమశిక్షణ పథకం ఆ బాటలోనే నడిచింది. పతకాల కొలతకు మన నగరంలో గొప్ప మూలముంది. బడిపంతులు ఎస్.ఏ. రహీం భారత ఫుట్‌బాల్ కోచ్‌గా 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు తెచ్చారు. గర్వించాల్సిన చరిత్రే. కానీ బడి జట్టులో ఉండేది పదిహేను మందే, తరగతిలో అరవై మంది.

1983లో అమెరికాలో జూడిత్ ప్లేసెక్ ఒక సంగతి బయటపెట్టారు: పిల్లలు ఖాళీగా లేకుండా, సంతోషంగా, అల్లరి చేయకుండా ఉంటే వ్యాయామ ఉపాధ్యాయులు పీరియడ్ బాగా జరిగిందనే అనుకుంటున్నారు. నేర్చుకున్నారా అన్నది వెనక్కి పోతోంది. 2001లో వచ్చిన ఉపాధ్యాయ స్వీయ సామర్థ్య మాపనిలో (ఉపాధ్యాయుడు తన సత్తాకు తానే మార్కులు వేసుకునే ప్రశ్నావళి) 24 ప్రశ్నలు. పిల్లల్ని పాఠంలోకి తేవడం, బోధనా పద్ధతులు, తరగతి అదుపు అనే మూడు కోణాలు, ఒక్కో ప్రశ్నకు 1 నుంచి 9 వరకు మార్కు. మైదానం, బంతుల ఊసు అందులో లేదు.

అసలు చిక్కు ఇక్కడే. 40 నిమిషాల పీరియడ్‌లో రాకపోకలు, హాజరు పోను 27 నిమిషాలు మిగిలాయనుకోండి. అరవై మందిని రెండు వరసల్లో నిలబెట్టి రెండు బంతులిస్తే, ఒక్కొక్కరికి 20 సెకన్ల చొప్పున వంతు పది నిమిషాలకోసారి వస్తుంది. అంటే రెండు మూడు సార్లే. ఆరు బంతులతో పదేసి మంది గుంపులు చేస్తే ఎనిమిది సార్లు. అయితే పొడుగు వరసలో అదుపు బాగుంటుంది, గుంపుల్లో గోల ఎక్కువ. అందుకే తక్కువ నేర్పిన రోజే ఉపాధ్యాయుడు తనకు ఎక్కువ మార్కు వేసుకునే ప్రమాదముంది.

2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మంది దాటితేనే వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ బోధకుణ్ణి అడిగింది. విసరడం, పట్టడం కుదురుకోవాల్సిన ప్రాథమిక తరగతులను వదిలేసింది. ఇది పెద్ద లోపం.

50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు-నడక వంటి ఖేలో ఇండియా పరీక్షలు దారుఢ్యం చెబుతాయి. కానీ పిల్లలు ఎదిగినకొద్దీ పరుగు సమయం దానంతటదే తగ్గుతుంది, దాన్ని బోధన ఖాతాలో వేయలేం. నైపుణ్యం చూడాలి. ఉదాహరణకు వాలీబాల్‌లో, జూన్‌లో ఆరో తరగతి పిల్లలందరి చేతా నెట్‌కు ఆరు మీటర్ల దూరం నుంచి పదేసి అండర్‌హ్యాండ్ సర్వీసులు వేయించి, నెట్ దాటి కోర్టులో పడ్డవెన్నో రాసుకోవాలి. సెప్టెంబరులో మళ్లీ అదే దూరం, అదే బంతి. మొదటిసారి మూడు కూడా దాటించలేని పిల్లల పేర్ల ఎదుట ఇప్పుడెంత ఉందో ముందు చూడాలి.