డబ్బా మీది ‘అఫిసినాలిస్’: అపోహలు - వాస్తవాలు

బోటనీ పాఠాలు చెప్పేవాణ్ణి. మూలికల పొడి డబ్బా చేతికొస్తే ముందు వెనక్కి తిప్పి, చిన్నక్షరాల్లో ఉండే లాటిన్ పేరు చదువుతాను. ఆ పేర్లలో జనం బాగా అపార్థం చేసుకునే విశేషణం అఫిసినాలిస్.

అపోహ: పేరులో అఫిసినాలిస్ ఉందంటే, మందుగా పనిచేస్తుందని శాస్త్రం ముద్ర వేసినట్టే.

వాస్తవం: ఆ మాట చెప్పేది గుణం గురించి కాదు, కొట్టు గురించి. లాటిన్‌లో అఫిసినా అంటే పనివాళ్లు పనిచేసే చోటు, కార్ఖానా. మధ్యయుగాల్లో యూరప్‌లోని క్రైస్తవ మఠాల్లో సరుకులూ మందులూ దాచే గదిని కూడా అలాగే పిలిచారు. అక్కణ్ణించి ఆ పేరు మందుల కొట్టుకు పాకింది. అఫిసినాలిస్ అంటే ‘కొట్లో అమ్మే రకం’, అంతే. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ మొక్కలకు రెండు మాటల పేర్లు పెట్టినప్పుడు, అప్పటికే మందుల కొట్లలో దొరుకుతున్న చాలా మొక్కలకు దీన్ని తగిలించాడు. పేరు పెట్టాలంటే మందు పనిచేయాలన్న షరతు అప్పుడూ లేదు, ఇప్పటి నామకరణ నియమావళిలోనూ లేదు.

యూరప్‌లో మందుగా వాడిన కాంఫ్రీ అనే మొక్కనే చూడండి. దాని పేరు సింఫైటమ్ అఫిసినాలె. అందులోని పైరోలిజిడీన్ ఆల్కలాయిడ్లు కాలేయాన్ని దెబ్బతీస్తాయి. లోపలికి తీసుకునే సప్లిమెంట్లలోంచి దాన్ని తీసేయమని 2001లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తయారీదార్లకు చెప్పింది. మరోపక్క, గుండె మందు డిజాక్సిన్ ఇచ్చే మొక్క డిజిటాలిస్ లనాటా. లనాటా అంటే ఉన్నిలాంటి నూగున్నది. మన పసుపు కుర్కుమా లాంగా, అంటే ‘పొడుగాటిది’. వీటికి లేని ముద్ర కాంఫ్రీకి ఉంది!

అపోహ: ఇది మొక్కలకే పెట్టే పేరు.

వాస్తవం: సముద్రంలోనూ ఉంది. సెపియా అఫిసినాలిస్ అనే కటిల్‌ఫిష్ ఎముక పొడినీ, స్పాంజియా అఫిసినాలిస్ అనే స్పాంజినీ ఒకప్పుడు మందుల కొట్లలో అమ్మేవారు. కాల్చిన స్పాంజిని గొంతువాపు వ్యాధికి, అదే గాయిటర్‌కి, ఇచ్చేవారు. ఇది వట్టి నమ్మకం కాదు, స్పాంజిలో అయొడిన్ ఉంటుంది. 1811లో అయొడిన్‌ని కనుగొన్నారు. 1820లో జెనీవా వైద్యుడు కొయందె దాన్నే నేరుగా గాయిటర్‌కి వాడాడు. కొట్టువాడి అనుభవం కొన్నిసార్లు నిజమే, కాకపోతే దాన్ని తేల్చింది పేరు కాదు.

అపోహ: అల్లానికి ‘అఫిసినాలె’ అని రాయడం అచ్చుతప్పు.

వాస్తవం: కాదు. లాటిన్ విశేషణం నామవాచకం లింగాన్ని బట్టి మారుతుంది. సంస్కృతం చదివినవాళ్లకు ఇది కొత్తేం కాదు: సుందరః, సుందరీ, సుందరమ్. జింజిబర్ నపుంసకం కాబట్టి జింజిబర్ అఫిసినాలె. మెలిస్సా స్త్రీలింగం కాబట్టి మెలిస్సా అఫిసినాలిస్. చెరకు పేరు శాకరమ్ అఫిసినారమ్‌లో ఉన్నది మాత్రం విశేషణమే కాదు, షష్ఠీ బహువచనం: ‘కొట్ల యొక్క’ అని. విద్యార్థులు రికార్డుల్లో దీన్ని అఫిసినాలిస్‌గా ‘దిద్దేస్తుంటారు’!

ఆఫీసుకీ దీనికీ సంబంధం లేదనేది ఇంకో మాట. ఉంది, రెండిటి వెనకా ఉన్నవి పని, చేయడం అనే లాటిన్ మాటలే.

అపోహ: పేరులోంచి అఫిసినాలిస్ తీసేశారంటే, మందు గుణం లేదని తేలినట్టు.

వాస్తవం: రోజ్‌మేరీ మొన్నటిదాకా రోజ్‌మరైనస్ అఫిసినాలిస్. 2017లో దాన్ని సాల్వియా ప్రజాతిలో, అంటే పేరులోని మొదటి మాట సూచించే మొక్కల గుంపులో, కలిపారు. అక్కడ సాల్వియా అఫిసినాలిస్ అనే పేరు సేజ్ మొక్కకు ఎప్పుడో ఇచ్చేశారు, అందుకే ఇది సాల్వియా రోజ్‌మరైనస్ అయింది. ఆకు అదే, నూనె అదే.

ఉసిరిక కథ దీనికి తిరగేసిన రకం. 1753లో లినేయస్ పెట్టిన పేరు ఫిల్లాంథస్ ఎంబ్లికా. జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు గేర్ట్నర్ దాన్ని ఎంబ్లికా అనే వేరే ప్రజాతిగా విడదీసి, ఎంబ్లికా అఫిసినాలిస్ అన్నాడు. మొక్కల్లో రెండు మాటలూ ఒకటే అయిన పేరు ఇప్పటి నియమాల్లో చెల్లదు కాబట్టి ‘ఎంబ్లికా ఎంబ్లికా’ ఎలాగూ కుదరదు. చ్యవనప్రాశ్ డబ్బా మీద ఈ రెండింట్లో ఏ పేరున్నా లోపల ఉన్నది అదే ఉసిరికాయ.