సర్ఫ్ లలితాజీ, బినాకా అమీన్ సయాని, తాజ్ ఉస్తాద్

చిరంజీవులైన పిల్లలకు,

అమ్మమ్మ ఆశీస్సులు. 2024లో ముగ్గురు వెళ్ళిపోయారు. ఫిబ్రవరి 15న సర్ఫ్ బట్టల పొడి యాడ్‌లో లలితాజీగా నటించిన కవితా చౌదరి, సరిగ్గా అయిదు రోజులకి రేడియో వ్యాఖ్యాత అమీన్ సయాని, డిసెంబర్ 15న తబలా విద్వాంసుడు జాకిర్ హుసేన్. ఆ వార్తలు విన్నప్పుడల్లా మేం పెద్దవాళ్ళం పాత యాడ్స్ తలుచుకుంటూ కూర్చుంటే, "ఎవరమ్మమ్మా వీళ్ళు?" అని అడిగారు మీరు. అప్పుడు ముక్కలు ముక్కలుగా ఏదో చెప్పాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

అమీన్ సయానితో మొదలుపెడతాను, ఎందుకంటే మా తరం అందరికంటే ముందు విన్నది ఆయన్నే. 1952లో కేంద్రంలో సమాచార ప్రసార శాఖ మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్‌కి సినిమా పాటలంటే గిట్టేది కాదు. ఆకాశవాణిలో వాటికి చోటు లేకుండా పోయింది. మరి పాటలు వినాలనుకునే జనం ఏం చేస్తారు? రేడియో ముల్లు సిలోన్, అంటే ఇప్పటి శ్రీలంక, వైపు తిప్పారు. యుద్ధకాలంలో సైనికుల కోసం పెట్టిన షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ ఒకటి కొలంబోలో ఉండేది. దాని ప్రసారాలు మన ఊళ్ళదాకా వినిపించేవి. పైగా వాళ్ళు డబ్బు తీసుకుని యాడ్స్ వేసేవారు. మన తెలుగువాళ్ళకైతే సిలోన్ అనగానే మీనాక్షి పొన్నుదొరై గారి గొంతు కూడా గుర్తొస్తుంది. తెలుగు సినిమా పాటలు ఆవిడ వినిపించేవారు.

ఆ స్టేషన్‌లోనే 1952 డిసెంబర్ 3, బుధవారం రాత్రి అమీన్ సయాని నడిపిన హిందీ సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా మొదలైంది. బినాకా అనేది టూత్‌పేస్ట్ పేరు. కార్యక్రమం పేరులోనే సరుకు పేరు పెట్టేశారు చూడండి. రేపు బినాకాలో ఏ పాటకి మొదటి స్థానం వస్తుందో అని ఇద్దరు స్నేహితులు మాట్లాడుకున్నా ఆ టూత్‌పేస్ట్‌కి ప్రచారం జరిగిపోయేది. అందుకోసం కంపెనీ విడిగా పైసా పెట్టక్కర్లేదు. సయాని బొంబాయిలో రికార్డు చేసేవారు, టేపు కొలంబో వెళ్ళేది, అక్కణ్ణించి తిరిగి మన ఇళ్ళలోకి వచ్చేది.

ఆయన వాడే హిందీ చాలా తేలిక. దానికి కారణం ఉంది. వాళ్ళమ్మ కుల్సుమ్ సయాని కొత్తగా చదువు నేర్చుకునే పెద్దవాళ్ళ కోసం 'రహబర్' అనే పత్రిక నడిపేవారు. అమీన్ చిన్నతనంలో ఆ పత్రిక పనిలో సాయం చేశారు. అక్షరాలు కూడబలుక్కునే మనిషికి అర్థమయ్యేలా ఎలా చెప్పాలో అక్కడే అలవాటైంది. అందరూ "భాయియో ఔర్ బెహ్నో" అంటుంటే ఈయన "బెహ్నో ఔర్ భాయియో" అని అక్కచెల్లెళ్ళని ముందు పలకరించేవారు. అంత ఆప్యాయంగా మాట్లాడే మనిషి మాట కొట్టిపారేయడం కష్టం. ఆ టూత్‌పేస్ట్ పెట్టెలో చిన్న చిన్న ప్లాస్టిక్ జంతువుల బొమ్మలు కూడా వచ్చేవి. ఏనుగు ఉన్నవాడు జిరాఫీ కోసం మార్పిడి చేసుకునేవాడు. ఒక్కటి గమనించండి. పాటలు బాగుండేవి, గొంతు బాగుండేది, బొమ్మ బాగుండేది. పేస్టు పళ్ళకి మంచిదా కాదా అన్నది మాత్రం ఈ మూడింటిలో దేన్నిబట్టీ తెలియదు.

సిలోన్‌కి వెళ్ళిపోయిన శ్రోతల కోసం ఆకాశవాణి 1957లో వివిధ భారతి పెట్టింది, 1967 నవంబర్ నుంచి అందులో యాడ్స్ కూడా మొదలయ్యాయి. దూరదర్శన్‌లో 1976 జనవరి 1న మొదలయ్యాయి. అంతకుముందు కదిలే బొమ్మతో యాడ్ చూడాలంటే సినిమా హాలుకే వెళ్ళాలి. కొడైకెనాల్ జలపాతం కింద తడుస్తూ నవ్వే లిరిల్ సబ్బు అమ్మాయిని 1975లో జనం మొదట చూసింది హాళ్ళలోనే.

ఇక లలితాజీ. ఈవిడ గురించి కాస్త ఎక్కువే రాస్తాను, నాకు ఇష్టం కాబట్టి.

అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ అని ఒక కెమిస్ట్ ఉండేవాడు. ప్రభుత్వ ఉద్యోగం చేసుకుంటూనే 1969లో ఇంట్లో బట్టల పొడి తయారుచేసి, సైకిల్ మీద తిరిగి అమ్మడం మొదలుపెట్టాడు. దానికి తన కూతురు నిరుపమ ముద్దుపేరు పెట్టాడు, నిర్మా అని. పాకెట్ మీద తెల్ల గౌను వేసుకుని గిరగిరా తిరిగే పాప బొమ్మ ఆ కూతురికి గుర్తుగా వేయించిందే. ప్రమాదంలో ఆ పిల్ల చనిపోయింది. మా కాలపు యాడ్స్‌లో అందరికీ తెలిసిన ముఖం ఏదంటే నేను ఆ బొమ్మ పేరే చెబుతాను. సర్ఫ్ ధరలో మూడో వంతు పెడితే నిర్మా వచ్చేది. దేశమంతా దాని వెనకాల పడింది. సర్ఫ్ కంపెనీకి టెన్షన్ పట్టుకుంది.

అప్పుడు అలీక్ పదంసీ అనే యాడ్స్ పెద్దమనిషి లలితాజీని పుట్టించాడు. వాళ్ళమ్మకి డబ్బుకి లోటు లేకపోయినా ప్రతి కొనుగోలులో గీచి గీచి బేరమాడేదట. ఆవిణ్ణే మనసులో పెట్టుకున్నానని ఆయనే చెప్పారు. ఆ పాత్ర వేసింది కవితా చౌదరి. సినిమా తార కాదు, మెరిసే నగలు లేవు. చీర కట్టుకుని, నుదుట బొట్టుతో, కూరగాయల దగ్గర బేరమాడే ఇల్లాలు. కనిపించని మగ గొంతు ఏదో అడిగితే, కెమెరా కళ్ళలోకి సూటిగా చూసి జవాబిస్తుంది. చవక వస్తువు వేరు, మంచి వస్తువు వేరు అంటుంది. ఆవిడ చెప్పే లెక్క ఏమిటంటే, అరకిలో సర్ఫ్ కిలో మామూలు పొడితో సమానం.

ఆ లెక్క మీరే వేసి చూడండి. చవక పొడి కిలో ఒక రూపాయి అనుకుందాం. సర్ఫ్ కిలో మూడు రూపాయలు, అరకిలో రూపాయిన్నర. లలితాజీ చెప్పింది అక్షరాలా నిజమే అనుకున్నా, సర్ఫ్ ఇంకా అర్ధరూపాయి ఎక్కువే! బట్టల మన్నిక, చేతుల మంట అనే సంగతులు వేరే ఉన్నాయి, నేను కాదనను. చవక పొడితో చేతులు మండేవన్నది నిజం. కానీ అంత ధీమాగా లెక్క చెప్పే మనిషి ఎదురుగా ఉంటే, ఆ లెక్కని కాగితం మీద పెట్టి చూడాలని చాలామందికి తోచదు. మంచి నటన అంటే అదే. కవితా చౌదరి గొప్ప నటి.

ఎంత గొప్పదంటే, ఆ తర్వాత 1989లో దూరదర్శన్‌లో 'ఉడాన్' సీరియల్ తనే రాసి, తీసి, ఐపీఎస్ అధికారిణి కల్యాణిగా నటించింది. సొంత అక్క కంచన్ చౌదరి భట్టాచార్య జీవితమే దానికి ఆధారం. ఆ అక్క తర్వాత ఉత్తరాఖండ్‌లో డీజీపీ అయ్యారు, దేశంలో ఆ పదవికి వచ్చిన మొదటి మహిళ ఆవిడే. ఆ సీరియల్ చూసి పోలీసు అవ్వాలనుకున్న ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. అయినా కవిత పోయినప్పుడు పేపర్లన్నీ లలితాజీ ఇక లేరనే రాశాయి. నాకు అది బాధ కలిగించింది.

జాకిర్ హుసేన్ సంగతి ఇంకోలా ఉంటుంది. తన యాడ్‌లో ఆయన ఎవరి వేషమూ వేయలేదు. తబలా విద్వాంసుడు అల్లా రఖా కొడుకు, తనూ అప్పటికే పేరు మోసిన విద్వాంసుడు. తాజ్ మహల్ టీకి అంతకుముందు జీనత్ అమన్ లాంటి తారలతో యాడ్స్ తీసేవారు. వాళ్ళని పక్కనపెట్టి, ఆగ్రాలో తాజ్ మహల్ కనబడేలా జాకిర్‌ని కూర్చోబెట్టి తబలా వాయించమన్నారు. జుట్టు ఎగురుతుంటే వేళ్ళు ఎంత వేగంగా కదిలేవో! వాయించాక టీ గుటక వేస్తారు. "వాహ్ ఉస్తాద్" అంటే, "అరే హుజూర్, వాహ్ తాజ్ బోలియే" అని ఆ పొగడ్తని టీకి ఇచ్చేస్తారు. ఆ యాడ్ వల్ల కచేరీ గడప తొక్కని ఇళ్ళలోకి కూడా తబలా వచ్చింది. అందుకు నేను దానికి ఎప్పుడూ దండం పెడతాను. అయితే ఏళ్ళ తరబడి చేసిన సాధన ఆ చేతులది, టీ ఆకుది కాదు.

రస్నా యాడ్‌లో ముద్దుగా మాట్లాడిన పాపలలో అంకిత తర్వాత మన తెలుగు సినిమాల్లో హీరోయిన్ అయింది. మీ అమ్మకి ఆవిడ ఇప్పటికీ రస్నా బేబీయే.

మా రోజుల్లో యాడ్‌లో ఏం చెప్పినా, చెప్పినవాళ్ళని అడిగేవాళ్ళు లేరు. ఇప్పుడు చట్టం మారింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే యాడ్‌లో కనిపించిన సెలబ్రిటీకి మొదటిసారి 10 లక్షలదాకా, మళ్ళీ చేస్తే 50 లక్షలదాకా జరిమానా వేయొచ్చు, కొంతకాలం యాడ్స్ చేయకుండా ఆపొచ్చు. 2022లో వచ్చిన నియమాల ప్రకారం, మెచ్చుకునే మనిషికి ఆ సరుకు గురించి సరిపడా తెలిసి ఉండాలి. డబ్బుగానీ బహుమతిగానీ తీసుకుంటే ఆ మాట చూసేవాళ్ళకి చెప్పాలి. మీ ఫోన్లో రీల్స్ చేసే అన్నయ్యలకీ అక్కయ్యలకీ ఇది వర్తిస్తుంది. ఏ భాషలో పొగిడారో ఆ భాషలోనే, చూడగానే కంటబడేలా "ఇది ప్రకటన" అని తెలియజేయాలి.

చిన్నదానివి నువ్వు షాంపూ గురించి చెప్పావే, ఆ అక్కయ్య వీడియో నాకు పంపు. ఆ మాట అందులో ఎక్కడ ఉందో ఇద్దరం కలిసి వెతుకుదాం. పెద్దవాడు గీత్‌మాలా పాత రికార్డింగ్ ఒకటి దొరికించి పెడితే సంతోషిస్తాను. సెలవులకి వచ్చినప్పుడు విందాం.

ఉంటాను,
మీ అమ్మమ్మ