వింటున్నవాళ్ల మెదడులో ఎంత చోటుంది?

2015లో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఆవరణలో మొదలైన, కొత్త కంపెనీలకు చేయూతనిచ్చే టీ-హబ్‌కు 2022లో రాయదుర్గంలో పెద్ద భవనం వచ్చింది. అక్కడా, మాదాపూర్ ఆఫీసుల్లోనూ, అబిడ్స్‌లో బ్యాంకు మేనేజర్ల గదుల్లోనూ రోజూ ఎవరో ఒకరు ల్యాప్‌టాప్ తెరిచి, తమ వ్యాపారాన్ని నమ్మమని ఎదుటివాళ్లను ఒప్పిస్తూ ఉంటారు. ఏళ్ల కష్టం పావుగంటలో తేలిపోతుంది. ఆ పావుగంట కోసం మనవాళ్లు ఇంగ్లిష్ ఉచ్చారణ దిద్దుకుంటారు, కోటు కొనుక్కుంటారు. వినేవాడి మెదడు ఎలా పనిచేస్తుందో మాత్రం వాళ్లకు ఎవరూ చెప్పరు. నా దృష్టిలో అసలు తెలియాల్సింది అదే.

విన్న మాటను అర్థం చేసుకునేదాకా మెదడు దాన్ని ఒకచోట పట్టి ఉంచాలి. దాన్ని పని జ్ఞాపకం అంటారు. అందులో చోటు చాలా తక్కువ. ఒకేసారి ఏడు విషయాలు, కాస్త అటూ ఇటూగా పడతాయని 1956లో మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ అన్నారు. 2001లో నెల్సన్ కోవన్ ఆ లెక్కను నాలుగుకు దించారు. 1974లో అలన్ బాడ్లీ, గ్రాహం హిచ్ ప్రతిపాదించిన నమూనా ప్రకారం ఇందులో మాటలకు ఒక దారి, బొమ్మలకు మరో దారి ఉన్నాయి. చదివే అక్షరాలు కూడా మనసులో ధ్వనిగా మారి మాటల దారిలోకే వస్తాయి. అందుకే స్లైడ్ నిండా వాక్యాలు పెట్టి పక్కన నిలబడి మాట్లాడితే, తెరమీది మాటలూ నోటి మాటలూ ఒకే ఇరుకు దారిలో తోసుకుంటాయి. బొమ్మ చూపిస్తూ నోటితో వివరిస్తే విన్నవాళ్లు బాగా నేర్చుకున్నారని, అవే మాటలు తెరమీద కూడా కనిపిస్తే తక్కువ నేర్చుకున్నారని రిచర్డ్ మేయర్ ప్రయోగాలు చూపించాయి.

మరి అష్టావధాని ఎనిమిది మంది పృచ్ఛకులను ఎలా తట్టుకుంటాడు? ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు అక్షరం అక్షరానికీ నిషేధం పెడతారు, మధ్యలో మరొకరు అప్రస్తుత ప్రసంగం చేస్తారు, గంట మోగుతూనే ఉంటుంది. అయినా చివర్లో పద్యాలన్నీ ధారణ చేసి అప్పజెబుతాడు. మెదడులో చోటు ఆయనకూ అంతే. కాకపోతే ఏళ్ల సాధన వల్ల ఛందస్సు, పదబంధాలు ఆయనలో ముద్దలు కట్టి ఉంటాయి. మనకు ఇరవై అక్షరాలైనది ఆయనకు ఒక్క పాదం. నైపుణ్యం అంటే చాలావరకు ఇదే.

ప్రెజెంటేషన్లో చిక్కు కూడా ఇక్కడే మొదలవుతుంది. మీ వ్యాపారంలో మీరే అవధాని. మీకు ఒక్క ముద్దగా ఉన్నది వినేవాడికి విడివిడి రవ్వలు. పైగా ఆ సంగతి మీకు తెలియదు. 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ చేసిన ప్రయోగంలో కొందరు తెలిసిన పాటల వరసను బల్లమీద వేళ్లతో కొట్టారు. ఎదుటివాళ్లు సగం పాటలు పోల్చుకుంటారని వాళ్ల అంచనా. 120 పాటల్లో పోల్చుకున్నవి మూడు. కొట్టేవాడి తలలో పాట మొత్తం మోగుతోంది, వినేవాడికి టక్ టక్ శబ్దమే అందింది.

ఇది ప్రాణాల మీదికి వచ్చిన సందర్భమూ ఉంది. 2003 జనవరిలో కొలంబియా అంతరిక్ష నౌక పైకి లేస్తున్నప్పుడు ఇంధన ట్యాంకు నుంచి నురుగు ముక్క ఊడి ఎడమ రెక్కకు తగిలింది. నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే ఇంజినీర్లు నాసా అధికారులకు స్లైడ్లు చూపించారు. అందులో ఒకదాని శీర్షిక చదివితే భయపడాల్సిందేమీ లేదనిపిస్తుంది. తగిలిన ముక్క ఘనపరిమాణం 1,920 ఘనపు అంగుళాలని వాళ్ల అంచనా, గతంలో పరీక్షించినవి 3 ఘనపు అంగుళాలవి మాత్రమే. ఆరు వందల రెట్లకు పైగా తేడా. ఆ మాట స్లైడ్ అడుగున, చుక్కల జాబితాల కింద, చిన్న అక్షరాల్లో ఉంది. ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ మరణించారు. కారణం ఒక్క స్లైడే అనడం అన్యాయం, సంస్థ పనితీరునూ విచారణ సంఘం తప్పుపట్టింది. కానీ ఆ స్లైడ్ చదివిన ఉన్నతాధికారికి ఇది ప్రాణాపాయమని తట్టకపోవడం సహజమేనని తన నివేదికలో రాసింది. శీర్షికలో ఏం రాయాలన్నది అలంకారం కాదని దీన్ని చదివాకే నాకు నమ్మకం కుదిరింది.

బాటసింగారం పండ్ల మార్కెట్ కోసం మామిడికాయలు మాగబెట్టే గదులు తయారుచేసే అమ్మాయి బ్యాంకుకు వెళ్లిందనుకుందాం. మొదటి స్లైడ్ మీద ‘మార్కెట్ పరిస్థితి’ అని ఉంటే మేనేజర్‌కు ఏమీ తెలియదు. ‘మాగబెట్టేటప్పుడు వంద పెట్టెల్లో పన్నెండు పాడవుతున్నాయి, మా గదిలో నాలుగే’ అని ఉంటే, కింద పెట్టెల బొమ్మ ఒకటి చాలు. కాయల్ని మాగబెట్టే ఇథిలీన్ వాయువు మోతాదు, గాలిలో తేమ, సెన్సర్ల రకం ఆమెకు ప్రాణం. అవి అడిగినప్పుడు తీసే స్లైడ్లలో ఉండాలి. అంకె కూడా శాతంగా కంటే లెక్కపెట్టగల పెట్టెలుగా ఉంటే త్వరగా ఎక్కుతుంది. లాభం కంటే నష్టం మనిషికి ఎక్కువ బరువుగా తోస్తుందని 1979లో కానెమన్, ట్వెర్‌స్కీ చూపించారు. అందుకే ‘ఎనిమిది పెట్టెలు మిగులుతాయి’ అనేకంటే ‘ఎనిమిది పెట్టెలు ఊరికే పోతున్నాయి’ అంటే వ్యాపారి తల ఎత్తి చూస్తాడు. అంకె నిజమైనదైతేనే ఆ మాట అనాలి.

అమీర్‌పేట లాంటి చోట్ల వ్యక్తిత్వ వికాస తరగతుల్లో ఇంకా వినిపించే లెక్క ఒకటుంది: మాటల ప్రభావం 7 శాతమే, మిగతాదంతా గొంతు, ముఖకవళికలు అని. ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967 నాటి ప్రయోగాలు ఒంటరి పదాలతో, ఇష్టాయిష్టాలు పోల్చుకోవడం గురించి చేసినవి. మాట్లాడేవాళ్లు తమ ఇష్టాయిష్టాల గురించి చెబుతున్నప్పుడు తప్ప ఆ లెక్క వర్తించదని ఆయనే చెప్పారు. పిల్లలు దీన్ని నమ్మి విషయం వదిలేసి చేతుల కదలికలు సాధన చేయడం చూస్తే నాకు బాధేస్తుంది.

చేతులు వణకడం వేరే సంగతి. ‘కంగారు పడకు’ అని సర్దిచెప్పుకున్నవాళ్ల కంటే ‘నాకు ఉత్సాహంగా ఉంది’ అని పైకి అనుకున్నవాళ్లు మెరుగ్గా మాట్లాడారని 2014లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ ప్రచురించిన పరిశోధన చెబుతోంది. గుండె దడ రెండింటిలోనూ ఒకటే.

ఇక ఆఖరి స్లైడ్. మాట్లాడటం ముగిశాక ప్రశ్నలు మొదలవుతాయి, తెరమీద అన్నిటికంటే ఎక్కువసేపు నిలిచేది అదే. చాలామంది అక్కడ ‘థాంక్యూ’ అని పెద్ద అక్షరాలతో వదిలేస్తారు. కృతజ్ఞత నోటితో చెప్పొచ్చు. ఆ అమ్మాయైతే అక్కడ మూడే మూడు పెట్టుకోవాలి: ఎంత అప్పు కావాలి, దాంతో ఎన్ని గదులు కడుతుంది, ఎన్నాళ్లలో తీరుస్తుంది.