తాళం గుర్తు ఎందుకు పోయింది?

2023 సెప్టెంబరులో క్రోమ్ బ్రౌజర్ తన అడ్రస్ బార్‌లోంచి తాళం గుర్తు తీసేసింది. ‘తాళం ఉంటే సైటు మంచిదే’ అని అంతకుముందు ఏళ్ల తరబడి ఒకరికొకరం చెప్పుకున్నాం. నిజానికి ఆ తాళానికి అర్థం ఒక్కటే: మీకూ ఆ సైటుకూ మధ్య నడిచేది మూడోవాడు చదవలేడు. అవతల ఉన్నది బ్యాంకో దొంగో తాళానికేం తెలుసు? తాళం రావాలంటే సైటుకు కావాల్సిన సర్టిఫికెట్లను 2015 చివర్లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాక దొంగ సైట్లకూ తాళం సులువైపోయింది.

గుర్తులు చూసి జనం జాగ్రత్తపడతారన్న నమ్మకం అంతకు చాలా ముందే సడలింది. 2006లో హార్వర్డ్, బర్క్‌లీ పరిశోధకులు 22 మందికి అసలు, నకిలీ సైట్లు కలిపి చూపించారు. ‘బ్యాంక్ ఆఫ్ ది వెస్ట్’ నకిలీ అడ్రసులో ‘డబ్ల్యూ’ బదులు రెండు ‘వి’లు పక్కపక్కన పెట్టారు, అంతే. 20 మంది బోల్తాపడ్డారు. నేనైనా పడేవాణ్ణే.

ఆ ఏడాది అక్టోబరులోనే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 7, ఫైర్‌ఫాక్స్ 2 బ్రౌజర్లు వారం తేడాతో ఫిషింగ్ (నకిలీ సైట్లతో వల వేసి పాస్‌వర్డులు కాజేసే మోసం) ఫిల్టర్లతో వచ్చాయి. పట్టుబడిన సైట్ల జాబితా దగ్గర పెట్టుకుని, వాటిలో దేన్నైనా తెరిస్తే హెచ్చరించడం వాటి పని. హెచ్చరించే తీరులోనూ తేడా ఉందని 2008లో కార్నెగీ మెలన్ పరిశోధనలో తేలింది. పేజీకి అడ్డంపడే హెచ్చరికను 79 శాతం మంది విన్నారు. అడ్డుపడకుండా ఊరికే కనిపించేదాన్ని విన్నది ఒక్కరంటే ఒక్కరు. ఇప్పుడు తెర నిండా ఎర్రగా వచ్చే పేజీ అందుకే.

జాబితాకున్న అసలు జబ్బు ఆలస్యం. క్రోమ్ దాన్ని అరగంటకో గంటకో ఒకసారి తెచ్చుకునేది. గూగుల్ లెక్క ప్రకారం హానికర సైటు సగటు ఆయుష్షు పది నిమిషాల లోపే! దొంగ దుకాణం సర్దేశాక ఫొటో అంటించినట్టన్నమాట. 2024 మార్చి నుంచి క్రోమ్ అప్పటికప్పుడే సర్వర్‌ను అడుగుతోంది. మీరు చూసే సైటు గూగుల్‌కు తెలిసిపోకుండా అడ్రసును హ్యాష్‌గా, అంటే చూసి అసలు అడ్రసు చెప్పలేని అక్షరాల వరుసగా మార్చి, అందులో చిన్న ముక్కను మాత్రమే మధ్యవర్తి సర్వర్ ద్వారా పంపుతుంది.

మన దగ్గర రిజర్వ్ బ్యాంక్ ఇంకో దారి పట్టింది. 2025 అక్టోబరు 31 లోగా బ్యాంకులన్నీ ‘బ్యాంక్ డాట్ ఇన్’తో ముగిసే అడ్రసులకు మారాలంది. వాటిని ఇచ్చేది హైదరాబాద్‌లో రిజర్వ్ బ్యాంక్ స్థాపించిన సాంకేతిక సంస్థ ఐడీఆర్‌బీటీ ఒక్కటే, అదీ బ్యాంకులకే. మంచిదే, కానీ భారం మళ్లీ మన కంటి మీదే పడింది. ‘బ్యాంక్ డాట్ ఇన్’ తర్వాత ఇంకో చుక్క, ఇంకో పేరు ఉంటే అది వేరే సైటు. ఫోన్‌లో కాస్త కిందికి జరిపితే చాలు, క్రోమ్‌లో ఆ అడ్రస్ బారే మాయమవుతుంది.