కార్బన్ నైట్రైడ్ పలుచని పొరలు: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఈ పొర వజ్రం కన్నా గట్టిది.

కార్బన్, నైట్రోజన్ కలిసిన పలుచని పూతలు తయారుచేసే మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళు చాలామంది ఈ మాటతోనే వస్తారు. దీని మూలం 1989లో భౌతిక శాస్త్రవేత్తలు లియు, కోహెన్ వేసిన లెక్క. మూడు కార్బన్‌లకు నాలుగు నైట్రోజన్‌లుండే బీటా రకం స్ఫటికాన్ని అన్ని వైపుల నుంచీ నొక్కితే, అది దాదాపు వజ్రంలాగే కుదించుకుపోకుండా నిలుస్తుందని ఆ లెక్క చెప్పింది. కానీ గీతలకు, గాట్లకు లొంగకపోవడమనే గట్టిదనం వేరే గుణం. నాలుగేసి నైట్రోజన్‌లతో ముడిపడిన కార్బన్ ఉన్న స్ఫటికాలను నిజంగా తయారుచేసినట్టు 2023 చివర్లో ప్రకటించారు. అందుకు 70 నుంచి 135 గిగాపాస్కల్ ఒత్తిడి (ఒక గిగాపాస్కల్ అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి సుమారు పదివేల రెట్లు) కావలసివచ్చింది. లేజర్‌తోనో ప్లాస్మాతోనో (అయాన్లు, ఎలక్ట్రాన్లుగా విడిపోయిన వాయువుతో) మన చేతికి వచ్చేది చాలావరకు అస్ఫటిక పొర, అంటే పరమాణువులు క్రమంగా అమరని పొర. అది తన పనికి మంచిదే, వజ్రంతో పోటీ పెట్టకండి.

అపోహ: ఛాంబర్‌లోకి నైట్రోజన్ వదిలితే పొరలోకి అదే చేరుతుంది.

నా సమయం ఎక్కువగా పోయింది ఇక్కడే. నైట్రోజన్ అణువును విడగొట్టాలంటే 9.8 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. టార్గెట్‌గా పెట్టిన గ్రాఫైట్ ముక్క మీద లేజర్ పల్స్ పడి ప్లూమ్ (వేడి కణాల మేఘం) లేచినప్పుడు కొంత నైట్రోజన్ విడిపోయి కార్బన్‌తో కలుస్తుంది. మిగతాదంతా అణువుగానే పంపు దారి పడుతుంది. అందుకే లేజర్‌కు తోడు ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాలతో నడిచే) ప్లాస్మానో, విడి పరమాణువుల ధారనో పెడతాం. 1993లో రసాయన శాస్త్రవేత్త లీబర్ బృందం చేసింది ఆ రెండో పనే. పీడనం పెంచితే సరిపోదా అంటారా? ప్లూమ్‌లోని కణాలు వాయువును ఢీకొని వేగం పోగొట్టుకుంటాయి, పొర గుల్లబారి మెత్తబడుతుంది. తగ్గిస్తే వేగం మిగులుతుంది, నైట్రోజన్ తగ్గుతుంది. కాబట్టి పీడనాన్ని ఒక్కదాన్నే మార్చి చూడకండి, టార్గెట్‌కూ సబ్‌స్ట్రేట్‌కూ (పొర పేరుకునే పలకకూ) మధ్య దూరంతో కలిపి మార్చండి.

అపోహ: నైట్రోజన్ ఎంత ఎక్కువైతే పొర అంత గట్టిగా ఉంటుంది.

మొదట చెప్పిన బీటా స్ఫటికానికి 57 శాతం నైట్రోజన్ పరమాణువులు కావాలి. స్పటరింగ్‌లో (అయాన్లతో టార్గెట్‌ను కొట్టి పరమాణువులను ఎగరగొట్టే పద్ధతిలో) సాధారణంగా 35 శాతం దగ్గరే ఆగిపోతాం. సబ్‌స్ట్రేట్‌ను వేడిచేసినా, అయాన్ శక్తి మరీ పెంచినా ఏర్పడిన బంధాలు సయనోజెన్‌గా, నైట్రోజన్‌గా లేచిపోతాయి. (సయనోజెన్ విషవాయువు. పంపు ఎగ్జాస్ట్‌ను గదిలోకి వదలకండి.) పైగా నైట్రోజన్ ఎక్కువైనచోట కార్బన్–నైట్రోజన్ త్రిబంధాలు ఏర్పడి బంధాల వల అక్కడికక్కడే తెగిపోతుంది, పొర మెత్తబడుతుంది. స్వీడన్‌లోని లింకోపింగ్‌లో స్పటరింగ్‌తో చేసిన ఫుల్లరీన్ (బంతిలా వంగిన కార్బన్ అణువు) తరహా పొరల్లో నైట్రోజన్ 20 శాతం లోపే. అయినా గ్రాఫైట్ తలాలు వంగి, ఒకదానితో ఒకటి ముడిపడి, నొక్కి వదిలితే తిరిగి లేచే పొర వచ్చింది. నాకు ఇదే అసలైన విజయంలా కనిపిస్తుంది.

అపోహ: ప్లాస్మాలో 388 నానోమీటర్ల కాంతి బాగా వెలిగితే పొర బాగుంటుంది.

ఆ కాంతి వాయువులో ఉన్న సీఎన్‌ది (ఒక కార్బన్, ఒక నైట్రోజన్ కలిసిన కణానిది). పొర చెరిగి వాయువుగా లేచిపోతున్నప్పుడూ అదే వెలుగు వస్తుంది. పొరలో ఏముందో ఎక్స్‌పీఎస్‌తో (ఎక్స్‌రేలతో ఎలక్ట్రాన్లను వెలికితీసి మూలకాలను, బంధాలను గుర్తించే పరీక్షతో) చూడండి.

అపోహ: ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో (ఎక్స్‌రేలు చెదిరే తీరును బట్టి పరమాణువుల అమరికను చూసే పరీక్షలో) పదునైన శిఖరాలు కనిపిస్తే స్ఫటికం దొరికినట్టే.

వేడి సిలికాన్ మీద మైక్రోవేవ్ ప్లాస్మాతో పెంచితే, సబ్‌స్ట్రేట్‌లోని సిలికాన్ కూడా స్ఫటికంలోకి చేరుతుంది. ఆ శిఖరాలు అలాంటి సిలికాన్ కలిసిన స్ఫటికానివి కావచ్చు. ప్రకటించే ముందు సిలికాన్ లేని సబ్‌స్ట్రేట్ మీద అదే పొర మళ్ళీ వేసి చూడండి.