ఈ నైట్రేట్ ఎక్కడిది?

బోరునీటిని ల్యాబ్‌కి పంపితే అందులో నైట్రేట్ ఎంతుందో చెప్పేస్తారు. లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటితే మన దేశ ప్రమాణాల ప్రకారం ఆ నీళ్లు తాగకూడదు. వాటితో డబ్బాపాలు కలిపి పడితే పసిపిల్లల రక్తం ఆక్సిజన్‌ని సరిగా మోయలేక ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది. కాచినా లాభం లేదు, నీరు ఆవిరై నైట్రేట్ ఇంకా చిక్కబడుతుంది. ఇంతకీ అది ఎక్కడి నుంచి వచ్చింది? పొలంలో చల్లిన యూరియా నుంచా, పశువుల కొట్టం నుంచా, మరుగుదొడ్డి గుంత నుంచా? మామూలు పరీక్షకి అన్నీ ఒకటే నైట్రేట్. ఊళ్లో తగవు మొదలయ్యేది ఇక్కడే.

తేడా నైట్రోజన్ బరువులో దొరుకుతుంది. ప్రకృతిలో నైట్రోజన్ దాదాపు అంతా 14 బరువుదే. వెయ్యి పరమాణువుల్లో నాలుగుకి కాస్త తక్కువగా 15 బరువువి ఉంటాయి. ఇలా ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాల్ని ఐసోటోపులు అంటారు. యూరియాకి కావలసిన నైట్రోజన్‌ని ఫ్యాక్టరీలో గాలి నుంచే తీస్తారు కాబట్టి అందులో ఈ నిష్పత్తి గాలిలో ఉన్నట్టే ఉంటుంది. పేడ, మూత్రం సంగతి వేరు. కొట్టం దగ్గర ముక్కుకి తగిలే ఘాటు వాసన అమ్మోనియాది. తేలిక నైట్రోజన్ ఉన్న అమ్మోనియా కాస్త ముందుగా ఎగిరిపోతుంది, బరువైనది కాస్త ఎక్కువగా మిగులుతుంది. ఆ మిగిలిందే నైట్రేట్‌గా మారి భూమిలోకి దిగుతుంది. గాలిని సున్నా అనుకుని వెయ్యికి ఎంత తేడా ఉందో పరమాణువుల్ని బరువుని బట్టి వేరుచేసే మాస్ స్పెక్ట్రోమీటర్‌తో కొలిస్తే, రసాయన ఎరువులు సున్నాకి అటూ ఇటూగా, పశువుల వ్యర్థాలు సాధారణంగా 10 నుంచి 20 మధ్య వస్తాయి. మట్టిలో సహజంగా ఉండే నైట్రోజన్ ఈ రెంటికీ నడుమ పడుతుంది.

అమెరికాలో టెక్సస్ రాష్ట్రపు రన్నెల్స్ కౌంటీ కథ నాకు చాలా ఇష్టం. అక్కడి భూగర్భజలాల్లో సగటున లీటరుకి 250 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉండేది. క్రైట్లర్, జోన్స్ అనే పరిశోధకులు ఐసోటోపులు కొలిచి 1975లో ఫలితాలు ప్రచురించారు. పశువుల వ్యర్థాల వాటా కొద్దిపాటిదే. ప్రధాన కారణం ఆ నేలే! 1900 నుంచి అక్కడ వర్షాధార సేద్యం చేస్తున్నారు. దున్నినకొద్దీ మట్టిలోని సేంద్రియ నైట్రోజన్ నైట్రేట్‌గా మారి, వేళ్లకి అందనంత లోతుకి దిగి, ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయింది. 1950ల తొలినాళ్ల కరువు తర్వాత వాననీటిని ఆపడానికి పొలాలకి విరివిగా గట్లు వేశారు. మంచిపనే. దానివల్ల నీటిమట్టం సుమారు 6 మీటర్లు పైకొచ్చింది, ఇంకిన నీళ్లతోపాటు పాత నైట్రేట్ కూడా కొట్టుకొచ్చింది. నీటి వయసు తెలుసుకోవడానికి ట్రిటియం అనే హైడ్రోజన్ ఐసోటోపుని కొలిస్తే 20 ఏళ్ల లోపే అని తేలింది. కథ అంతా సరిపోయింది.

అలాగని ఒక్క అంకె పట్టుకుని ఎవరినీ దోషిగా నిలబెట్టకూడదు. గాలి అందని చోట బ్యాక్టీరియా నైట్రేట్‌ని వాడుకుంటుంది, అదీ తేలికదాన్ని ముందు. అప్పుడు మిగిలిన ఎరువు నైట్రేట్ కూడా పేడదానిలా కనిపిస్తుంది. అందుకే నైట్రేట్‌లోని ఆక్సిజన్-18ని, అంటే 18 బరువున్న ఆక్సిజన్‌ని కూడా కొలుస్తారు. రెండూ కలిసి పెరుగుతుంటే అది బ్యాక్టీరియా పనే అని అనుమానించాలి. పేడకీ మురుగుకీ తేడా నైట్రోజన్ ఒక్కటీ తేల్చలేదు. బోరాన్ కలిసిన సబ్బుపొడులు వాడే చోట్ల మాత్రం బోరాన్ ఐసోటోపులు ఆ పని చేస్తాయి.

తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ పరిమితి దాటిన బోర్లు తక్కువేం కాదు. చాలా ఊళ్లలో యూరియా చల్లిన చేను, పశువుల కొట్టం, మరుగుదొడ్డి గుంత పక్కపక్కనే ఉంటాయి. వాన నీరు నేలలోకి ఎంత ఇంకుతుందో హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు దశాబ్దాల క్రితమే ట్రిటియంతో కొలిచారు, కాబట్టి ఐసోటోపుల పని మనకి కొత్త కాదు. పరిమితి దాటిన ఊళ్లో ఇళ్ల మధ్య బోరు, చేను నడుమ బోరు, ఊరికి ఎగువన ఉన్న బోరు, ఈ మూడింటి నీళ్లూ వానలకి ముందొకసారి, తర్వాతొకసారి పంపించాలి. యూరియా తగ్గించమని రైతుకి చెప్పాలో, గుంతలు బాగుచేయమని పంచాయతీకి చెప్పాలో ఆ ఫలితాలు చూశాకే తేల్చాలి.