బానెట్ మీద రాయి దెబ్బలు: అపోహలు, వాస్తవాలు

హైవే మీద అనకాపల్లి వైపు నుంచి వస్తూ కంకర టిప్పర్ వెనకాల చిక్కుకుంటే, ఇంటికి చేరేసరికి బానెట్ మీద రాళ్లు తగిలి పెయింట్ ఊడిన చుక్కలు రెండు మూడు ఉంటాయి. వీటిని ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. పెయింటింగ్ షెడ్ నడిపేవాడిగా ఈ మాట చెబితే నా బేరమే తగ్గుతుంది, అయినా నిజం అదే. కాకపోతే ఫోన్లో వీడియోలు చూసి చేసినవాళ్ల బానెట్లు బాగుచేయడానికే మాకు ఎక్కువ టైమ్ పడుతోంది.

అపోహ: చిన్న చుక్కే కదా, చూడ్డానికి బాగోదు, అంతే.

చుక్క రంగు చూడండి. తెల్లగానో బూడిద రంగులోనో ఉంటే ప్రైమర్, అంటే రంగు కింద రేకు మీద వేసే పొర, ఇంకా మిగిలి ఉన్నట్టే, టెన్షన్ పడక్కర్లేదు. మెరిసే రేకో, ఎర్రటి తుప్పో కనిపిస్తే మాత్రం ఈ వారమే పని పెట్టుకోండి. కారు మీద కంపెనీ పెయింట్ పొరలన్నీ కలిపినా సుమారు 100 నుంచి 150 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). విశాఖలో గాలిలోనే ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది, తుప్పును తొందరపెడుతుంది. తుప్పు చుక్క దగ్గరే ఆగదు, చుట్టూ ఉన్న పెయింట్ కిందికి పాకి దాన్ని పైకి లేపుతుంది. బీచ్ రోడ్డు పక్కనే కారు పెట్టేవాళ్లు బండిని తరచుగా మంచినీళ్లతో కడగడం మంచిది.

ప్లాస్టిక్ బంపర్‌కి ఈ బెంగ లేదు. అక్కడ తీరికగా చేసుకోవచ్చు.

అపోహ: రంగు దండిగా పోస్తే గుంట ఒకేసారి పూడిపోతుంది.

ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. రంగును పల్చగా ఉంచే సాల్వెంట్ ఆవిరైపోయాక ఆ చుక్క కుంగిపోతుంది. మందంగా పోస్తే పైన తోలు కట్టి లోపల పచ్చిగానే ఉండిపోతుంది. ముందు గుంటలోని తుప్పును సూది మొనతో గీకేయండి. మరక ఇంకా మిగిలితే రస్ట్ కన్వర్టర్ (తుప్పును గట్టి పొరగా మార్చే ద్రావణం) ఒక చుక్క వేయండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. కిరోసిన్ వద్దు, జిడ్డు మిగులుస్తుంది. పాత వాక్స్ ఏమాత్రం ఉన్నా కొత్త రంగు పట్టదు. రేకు బయటపడిన చోట మాత్రమే ప్రైమర్ వేయండి. టచప్ రంగు సీసాతో వచ్చే బ్రష్ పక్కన పెట్టి, టూత్‌పిక్ మొనతో గుంటలో మాత్రమే రంగు ముట్టించండి. ఒక్కో పొర ఆరేదాకా ఆగి, చుట్టూ ఉన్న పెయింట్‌తో దాదాపు సమానమయ్యేదాకా వేసి, ఆపైన క్లియర్ కోటు, అంటే రంగును కాపాడే పారదర్శక పొర, వేయండి.

కొన్ని రోజులయ్యాక 2000 లేదా 3000 నంబరు వాటర్ పేపర్‌తో (నీళ్లతో రుద్దే సన్న గరుకు కాగితం) సమం చేసి, మెరుపు తెచ్చే కాంపౌండ్ రుద్దమంటారు. చేయి తిరగనివాళ్లు ఈ మెట్టు వదిలేయడమే మేలని నా అభిప్రాయం. చుట్టూ ఉన్న క్లియర్ కోటు చాలా పల్చన. అది అరిగిపోతే ప్యానెల్ అంతా మళ్లీ వేయించుకోవాల్సిందే. కాస్త ఉబ్బుగా ఉన్న చుక్కను రెండడుగుల దూరం నుంచి ఎవరూ గుర్తుపట్టరు.

అపోహ: ఎండలో నిలబెడితే తొందరగా ఆరుతుంది.

కాలే రేకు మీద రంగు బుడగలు కడుతుంది. అలాగని వాన ముసురులోనూ చేయకూడదు. సాల్వెంట్ ఆవిరయ్యేటప్పుడు ఆ చోటు చల్లబడి, గాలిలోని తేమ దాని మీద చేరుతుంది, క్లియర్ కోటు పాలు పోసినట్టు తెల్లబడుతుంది. మన ఊళ్లో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దెక్కాక, నీడలో చేసుకుంటే బాగా కుదురుతుంది.

అపోహ: నెయిల్ పాలిష్, టూత్‌పేస్ట్ చాలు.

నెయిల్ పాలిష్ ఎండకు పెళుసెక్కి పగులుతుంది, ఆ పగుళ్లలో నీరు చేరుతుంది. టూత్‌పేస్ట్ పైపై గీతల్ని కాస్త మెరుగు పెడుతుందేమో గానీ, ఊడిపోయిన పెయింట్‌ని తెచ్చిపెట్టలేదు.

అపోహ: కలర్ కోడ్ సరిపోతే రంగు కలిసిపోతుంది.

కోడ్ తప్పక చూసుకోండి. కంపెనీని బట్టి డోర్ పిల్లర్ దగ్గరో, బానెట్ కిందో స్టిక్కర్ ఉంటుంది. కానీ ఏళ్ల తరబడి ఎండకు నిలిచిన కారు ఆ కోడ్ రంగులోనే ఉండదు. సాదా తెలుపు బాగానే కలుస్తుంది. సిల్వర్, గ్రే లాంటి మెటాలిక్ రంగుల్లో రేణువులు స్ప్రేలో పరుచుకున్నట్టు టూత్‌పిక్‌తో పరుచుకోవు. చుక్క కొంచెం ముదురుగానో లేతగానో తేలుతుంది, దానికి చేసేదేమీ లేదు.

అపోహ: సిరామిక్ కోటింగ్ ఉంటే రాళ్లు ఏం చేయవు.

పెయింట్ మీద పూతలా వేసే ఆ పొర మందం కొద్ది మైక్రాన్లే. కడగడం సులువవుతుంది, మెరుపు ఉంటుంది, రాయిని మాత్రం ఆపదు. రాళ్ల దెబ్బ తట్టుకునేది పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) అనే, పెయింట్ మీద అతికించే మందపాటి పారదర్శక ఫిల్మ్. ఖరీదెక్కువ కాబట్టి కారంతా అక్కర్లేదు, రోజూ హైవే ఎక్కేవాళ్లు బానెట్ ముందు భాగానికీ బంపర్‌కీ వేయించుకుంటే చాలు. ఉన్న చుక్కల్ని పూడ్చి, అవి పూర్తిగా ఆరాకే ఆ ఫిల్మ్ వేయించండి.